వెనక అట్టకున్న జేబు

“సోమవారం నుంచి మా పిల్లని స్కూలుకి రానివ్వరట. అప్పుడు బడి మాన్పించామని మమ్మల్ని పట్టుకెళ్తారా? పిల్లని మా దగ్గర్నుంచి తీసేసుకుంటారా?”

బల్ల అవతల కూర్చున్న పెద్దావిడ వెంటనే తలెత్తలేదు. చదువుతున్న వాక్యం చివరిదాకా చదివి, అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టి, అప్పుడు కళ్లజోడు ముక్కు కొసకి దించి చూసింది. ఎదురుగా వానకి తడిసిన కోటుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది.

“రెండు ప్రశ్నలడిగావు, పేరు మాత్రం చెప్పలేదు,” అంది పెద్దావిడ. “కూర్చో తల్లీ. ఆ కుర్చీలో కాదు, దానికి మూడు కాళ్లే. పైన జడ్జీగారి గదిలో ఏది విరిగినా కిందికి నాకే పంపుతారు.”

అమ్మాయి పేరు డెనీస్ ఫ్రూచీ. రసాయనశాస్త్రం చదివి, బ్రెమ్నర్ కౌంటీ నీటి సరఫరా విభాగంలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. వయసు ముప్పై ఒకటి. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె భయపడకుండా వదిలేసిందంటూ ఏదీ లేదు. పిల్ల పుట్టిన కొత్తలో పాలపీకని లెక్కపెట్టి ఏడు నిమిషాలు మరిగించేది. ఏడే ఎందుకని భర్త కర్ట్ అడిగితే, ఆరు నిమిషాలకి చావని సూక్ష్మజీవి ఉందేమో ఎవరు చూశారనేది. ఇంట్లో గదులు ఐదు, పొగ వస్తే మోగే పరికరాలు నాలుగు. ఆ ఐదో గది తలుపు ముందునుంచి వెళ్లినప్పుడల్లా ఆమె ఆగి పొగ వాసన వస్తోందేమో చూసేది.

పెద్దావిడ వెర్నా స్టుకీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆ కౌంటీ కోర్టు భవనం కింద, నేలమాళిగలో ఉన్న న్యాయ గ్రంథాలయాన్ని ముప్పై నాలుగేళ్లుగా ఆవిడే చూసుకుంటోంది. ఆ 1991 ఏప్రిల్‌కి ఆవిడకి అరవై ఏళ్లు. మనిషి పొట్టి. పై అరలోని పుస్తకం కావాలంటే పాత ఆపిల్ పళ్ల పెట్టె ఒకటి బోర్లించి దాని మీదికి ఎక్కేది. లాయర్లు ఎవరైనా సాయం చేయబోతే ఒప్పుకునేది కాదు. వాళ్లు పుస్తకం తీసిన చోట పెట్టరని ఆవిడకి గట్టి నమ్మకం, ఆ నమ్మకం వాళ్ల మొహం మీదే చెప్పేది.

ఆవిడ తల వెనక గోడకి ఒక చెక్క పలక వేలాడుతూ ఉంటుంది. ‘ఇక్కడి ఉద్యోగులు న్యాయసలహా ఇవ్వరాదు’ అని దాని మీద రాసి ఉంటుంది. అది పైనున్న జడ్జీల ఆజ్ఞ. లాయరు చదువు చదవనివాళ్లు చట్టం చెప్పకూడదు. ముప్పై నాలుగేళ్లలో వెర్నా ఒక్కసారి కూడా ఆ ఆజ్ఞ మీరలేదు. కాకపోతే దాన్ని పాటించే పద్ధతి ఆవిడదే. కంచె తగాదాతో ఏ రైతయినా వస్తే, “నేనేమీ చెప్పకూడదు నాయనా. కానీ ఆ కిటికీ పక్క బీరువాలో నాలుగో పుస్తకం కాస్త బయటికి వచ్చింది, లోపలికి నెట్టిపెడతావా? నెట్టే ముందు రెండొందల పన్నెండో పేజీ మడత పడిందేమో చూడు,” అనేది. నెట్టడానికి వెళ్లిన రైతు అక్కడే గంటసేపు కూర్చుని చదువుకుని, టోపీ తీసి దండం పెట్టి వెళ్లేవాడు. వెర్నా మాత్రం ఏమీ ఎరగనట్టు తన పెన్సిల్ చెక్కుకుంటూ ఉండేది.

డెనీస్ తన గోడు వెళ్లబోసుకుంది. ఎనిమిదేళ్ల కూతురు టెస్‌కి ఆమె ఒక మాట గట్టిగా నేర్పింది, అర్థం కానిదానికి తలూపొద్దని. ల్యాబులో పనికొచ్చే మాట. ఇంట్లో కూడా పనికొస్తుందనుకుంది. రెండు వారాల కిందట ఒక పొద్దున, క్లాసంతా లేచి గుండె మీద చెయ్యి పెట్టుకుని జెండాకి విధేయంగా ఉంటామనే ప్రతిజ్ఞ మొదలుపెడితే టెస్ కూర్చునే ఉంది. తనేం మాటిస్తోందో తెలియకుండా మాటివ్వనని, తెలిశాక లేస్తానని చెప్పింది. టీచరు మిస్ పోల్క్ మంచి పిల్ల, ఇదే మొదటి ఉద్యోగం. అర్థం తర్వాత చెప్తాను, ముందు లే అంది. టెస్ దానికి కూడా ఆలోచించి చెప్తానంది. మాట హెడ్మాస్టరుదాకా వెళ్లింది, అక్కణ్నుంచి స్కూలు బోర్డుకి వెళ్లింది. గురువారం సాయంత్రం బోర్డు కూర్చుంటుంది. సోమవారం నుంచి పిల్ల లేచి చెప్పకపోతే ఇంటికి పంపేస్తామని ఉత్తరం వచ్చింది.

“లేచి ఏవో నాలుగు మాటలు గొణుగు అని పిల్లకి చెప్పలేకపోయావా?” అంది వెర్నా.

“చెప్పానండీ. మరి నువ్వే నేర్పావుగా, ఇప్పుడది మారిందా అని అడిగింది.”

వెర్నా పెదవుల చివర ఏదో కదిలింది. ఉత్తరం మీద సంతకం చూసి, “ఆర్విల్ టాంకీయా,” అంది.

బోర్డు అధ్యక్షుడు ఆర్విల్ టాంకీని ఎరగనివాళ్లు ఆ కౌంటీలో లేరు. నలభై ఏళ్లు పశువుల వేలంపాటలు పాడాడు. పని మానేశాక కూడా గొంతు మానలేదు. చర్చిలో ప్రార్థన చదివినా ఎవరో చెయ్యెత్తి పాట పెంచుతారేమో అన్నట్టుంటుంది. డెనీస్ అంతకుముందురోజు ఆయనకి ఫోను చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. కోపం లేదు, పిల్లలంటే తనకీ ఇష్టమేనన్నాడు. కానీ ఇది తన సొంత మాట కాదని, దేశంలోకెల్లా పెద్ద కోర్టు ఎప్పుడో తేల్చేసిందని, జెండాకి వందనం చెయ్యని పిల్లల్ని బడి నుంచి పంపించెయ్యొచ్చని తన ఇంట్లో ఉన్న పుస్తకంలోనే అచ్చయి ఉందని చెప్పాడు. ఎనిమిది మంది జడ్జీలు ఒకవైపు, ఒక్కడు ఒకవైపు. తొమ్మిది మందిలో ఎనిమిది మంది. ఆ లెక్క వినగానే డెనీస్ ఫోను పెట్టేసింది.

“ఏ ఏటి తీర్పన్నాడు?”

“అడగలేదండీ.”

వెర్నా పెన్సిల్ కింద పెట్టింది. “నీ దగ్గరికి నీళ్ల సీసా వస్తే ముందు ఏం చూస్తావు?”

“ఎప్పుడు పట్టారో చూస్తాను. ముప్పై గంటలు దాటితే పారబోసి మళ్లీ పట్టించుకు రమ్మంటాను.”

“ఎంత శుభ్రంగా కనిపించినా?”

“ఎంత శుభ్రంగా కనిపించినా సరే.” అనేసి డెనీస్ ఆగిపోయింది.

“నేనేమీ చెప్పలేదు,” అంది వెర్నా, తల వెనక పలకని బొటనవేలితో చూపిస్తూ. “కానీ ఆ మూల బీరువాలో రెండో అర చాలా దుమ్ము పట్టింది. ముదురు గోధుమరంగు పుస్తకాలు, అటునుంచి ఐదోది. నా వేళ్లకి కీళ్లనొప్పి. కాస్త తుడిచిపెడతావా? ముందు తుడిచేవాళ్లు చాలామందే ఉన్నారు, వెనక అట్ట లోపల తుడిచేవాళ్లే లేరు.”

డెనీస్ గుడ్డ తీసుకుని వెళ్లింది. పై కోర్టుల తీర్పుల సారాంశాలని విషయాలవారీగా కూర్చిన పుస్తకం అది, అచ్చయింది 1941లో. బడి, జెండా, వందనం ఉన్న పేజీలో ఆర్విల్ చెప్పిందంతా నల్లగా, నిటారుగా ఉంది. పెన్సిల్వేనియా కేసు, 1940, ఎనిమిది మంది, ఒక్కడు. తర్వాత వెనక అట్ట తెరిచింది. అట్ట లోపలివైపు కాగితంతో చేసిన జేబు ఒకటి ఉంది. అందులోంచి సగం బయటికి తన్నుకొస్తూ, పలచని కాగితం మీద అచ్చయిన లావుపాటి చిన్న పుస్తకం ఉంది.

ఆ జేబే వెర్నా జీవితం. పుస్తకం ఒకసారి అచ్చయితే మారదు, కోర్టులు మాత్రం ఊరుకోవు. ఇవాళ ఒకటంటాయి, ఇంకో ఏడు దాన్ని సరిదిద్దుతాయి, మరో ఏడు పూర్తిగా కొట్టేస్తాయి. ఆ మార్పులన్నీ ప్రతి వసంతంలో పెట్టెలకొద్దీ కాగితాలుగా వస్తాయి. పాతవి పీకి కొత్తవి జేబుల్లో దోపాలి. మూడువేల పైచిలుకు జేబులు. ఆవిడ భర్త ఫ్లాయిడ్ బతికున్నన్నాళ్లూ, మా ఆవిడ పుస్తకాలకి జేబురుమాళ్లు పెట్టే ఉద్యోగం చేస్తుందని ఊరంతా చెప్పుకునేవాడు. ఈ పుస్తకం కొత్త ముద్రణ కొనడానికి కౌంటీ ఎన్నడూ ఒప్పుకోలేదు. దాంతో జేబు కాగితాలు లావెక్కీ లావెక్కీ, మామగారిని ఇంట్లోంచి బయటికి నెట్టేసే అల్లుడిలా తయారయ్యాయి.

డెనీస్ ఆ పలచని కాగితాల్లో అదే అంశం సంఖ్య వెతికి పట్టుకుంది. 1943 జూన్ 14. పశ్చిమ వర్జీనియా కేసు. ముందు తీర్పు కొట్టివేత. ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. జెండాకి వందనం చెయ్యమని గానీ ప్రతిజ్ఞ చెప్పమని గానీ బడి ఏ పిల్లనీ బలవంతం చెయ్యకూడదు. ఆమె ఆ నాలుగు వరుసల్నీ మూడుసార్లు చదివింది. తర్వాత నీళ్ల నమూనాల ఫారం ఒకటి సంచిలోంచి తీసి, దాని వెనక తేదీ, సంఖ్య, పేజీతో సహా, ల్యాబు రాతలో ఎత్తి రాసుకుంది. రాశాక మళ్లీ అక్షరం అక్షరం సరిచూసుకుంది.

“దుమ్ము పోయిందా?” అంది వెర్నా.

“మూడేళ్లకే మార్చేశారండీ,” అంది డెనీస్.

“అందులో ముగ్గురు మొదటిసారి అటు చెయ్యెత్తినవాళ్లే. తప్పు చేశామని ఒప్పుకున్నారు. మగవాళ్లు, పైగా జడ్జీలు. మా ఫ్లాయిడ్‌తో ముప్పై ఆరేళ్లు కాపురం చేశాను. దారి తప్పామని ఒక్కసారి ఒప్పుకున్నాడు, అదీ కారు చెరువులోకి దిగాక.”

మధ్యాహ్నమైంది. వెర్నా సొరుగులోంచి గుడ్డు శాండ్‌విచ్ తీసి సగం ఇచ్చింది, తియ్యటి దోసకాయ ఊరగాయ ఇచ్చింది, పెరట్లో మొదటి కోత రుబార్బ్ కాడలతో చేసిన పుల్లటి ‘పై’ అనే పిండివంట ముక్క కూడా పెట్టింది. తింటుండగా అడక్కుండానే ఒక సంగతి చెప్పింది. చెప్తున్నంతసేపూ డెనీస్ వైపు చూడలేదు.

ఒకే గది ఉన్న పల్లెటూరి బడి, 1941. వెర్నాకి పదేళ్లు. పక్క బల్లలో లియోటా అనే పిల్ల ఉండేది. వాళ్ల ఇంటి మతంలో దేవుడికి తప్ప దేనికీ వందనం చెయ్యకూడదు. ఒకరోజు టీచరు ఆ పిల్లని అన్నం డబ్బాతో సహా బయటికి పంపేసింది. పిల్లలంతా రోడ్డుదాకా వెంటపడి వెక్కిరించారు. “అందరికంటే గట్టిగా అరిచింది నేనే,” అంది వెర్నా. “నా గొంతు అప్పటికే పెద్దది.” రెండేళ్ల తర్వాత, సెప్టెంబరులో ఒక పొద్దున, లియోటా మామూలుగా లోపలికొచ్చి కూర్చుంది. చదువు పోయింది కాబట్టి చిన్నపిల్లల వరుసలో కూర్చోబెట్టారు. ఎదిగిన కాళ్లు ఆ బల్ల కింద పట్టక పక్కకి పెట్టుకుని కూర్చుంది. ఎందుకు రానిచ్చారని వెర్నా టీచరుని అడిగితే, కోర్టు మనసు మార్చుకుందని, కౌంటీ నుంచి ఉత్తరం వచ్చిందని చెప్పింది.

“అప్పటినుంచి నాకదే ఆలోచన. వాషింగ్టన్‌లో తొమ్మిది మంది మనసు మార్చుకుంటే, మా పల్లెటూళ్లో బల్లదాకా ఆ సంగతి ఎవరు మోసుకురావాలి? ఎవరో ఒకరు మొయ్యాలిగా. లేకపోతే మారనట్టేగా.” వెర్నా తన పళ్లెం గీకింది. “లియోటాకి నేనెప్పుడూ క్షమాపణ చెప్పలేదు. ఆ చలికాలమే వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారు. అందుకని జేబులు నింపుతున్నాను.”

గురువారం సాయంత్రం ఏడింటికి స్కూలు భోజనాల హాల్లో బోర్డు కూర్చుంది. చిన్నపిల్లల బల్లలు కావడంతో పెద్దవాళ్ల మోకాళ్లు గడ్డాల్ని తాకుతున్నాయి. డెనీస్ పక్కన కర్ట్ ఉన్నాడు. ధాన్యపు గోదాము నుంచి నేరుగా వచ్చాడు, భుజాల మీద పొట్టు ఇంకా దులుపుకోలేదు. టెస్‌ని అమ్మమ్మ దగ్గర వదిలేసి వచ్చారు. చివరి వరుసలో వెర్నా పిప్పరమెంటు చప్పరిస్తూ కూర్చుంది.

ఆర్విల్ టాంకీ పుస్తకం తెచ్చాడు. ముదురు గోధుమరంగు అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు. ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. చనిపోయిన ఒక లాయరు సామాను వేలానికొస్తే, తనే పాడి, తన పాటలో తనే కొనుక్కున్న పుస్తకాలివి, మొత్తం అరవై. తర్వాత తీర్పు చదివాడు. అలవాటు కొద్దీ పాట అందుకున్నట్టే చదివాడు. ఎనిమిది మంది దగ్గరికొచ్చేసరికి గొంతు పైకి లేచింది. వెనక వరుసలో ఎవరో తొమ్మిదని అరిస్తే జనం నవ్వారు. ఆర్విల్ నవ్వలేదు.

డెనీస్ లేచింది. మోకాలు బల్లకి కొట్టుకుంది. ఫారం చేతిలో ఉంది, కానీ అక్షరాలు ఆనడం లేదు. లేచి నిలబడడమంటే ఏమిటో ఆ క్షణాన ఆమెకి కూతురికంటే బాగా తెలిసింది.

“టాంకీగారూ, ఆ తీర్పు ఏ ఏటిదండీ?”

“పంతొమ్మిదొందల నలభై. అంటే బాగా గట్టిపడ్డ తీర్పమ్మా.”

“వెనక అట్టకి ఒక జేబుంటుందండీ. అందులో ఏముందో చూస్తారా?”

ఆయన వెనక అట్ట తిప్పి, రెండు వేళ్లు జేబులోకి పెట్టి చూశాడు. తర్వాత అందరికీ కనిపించేలా పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు. “ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది. వేలానికి పెట్టే ముందు అరవై పుస్తకాల్లోనూ జేబుల్లో ఉన్న చెత్తంతా నేనే దగ్గరుండి దులిపించాను.”

ఆయన పక్కనే కూర్చున్న బోర్డు తరఫు లాయరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నవ్వుకి ఆయన భుజాలు కదులుతున్నాయి. ఇంతకుముందు ఒక్కమాట కూడా మాట్లాడని మనిషి, ఈ గొడవ కోసం ఒక్కసారి కూడా వెనక అట్ట తీసి చూడని మనిషి. కర్ట్ తనెందుకు నవ్వుతున్నాడో తెలియకుండానే నవ్వాడు. డెనీస్ మాత్రం నవ్వలేదు. ఫారం పైకెత్తి తేదీతో మొదలుపెట్టి చదివింది. చివర ఎక్కడినుంచి ఎత్తి రాసిందో, ఏ పేజీయో అది కూడా చదివింది.

ఆర్విల్ ఖాళీ జేబులో ఇంకోసారి వేళ్లు పెట్టి చూశాడు. “వెర్నా,” అన్నాడు చివరి వరుసకేసి చూస్తూ. వేలంగొంతు ఎటో పోయింది. “ఇది నిజమేనా?”

“నేను న్యాయసలహా ఇవ్వకూడదు ఆర్విల్, నీకూ తెలుసు,” అంది వెర్నా కూర్చున్నచోటు నుంచే. “రేపు తొమ్మిదింటికి తలుపు తీస్తాను. దుమ్ముగుడ్డ నువ్వే తెచ్చుకో.”

మర్నాడు తొమ్మిదింటికి పావుగంట ముందే ఆర్విల్ కోర్టు మెట్ల మీద ఉన్నాడని, చేతిలో నిజంగానే గుడ్డ ఉందని ఊరంతా చెప్పుకుంది. అది నిజమే. రెండు గంటలు చదివాడు. పోతూ పోతూ, తన అరవై పుస్తకాలకీ జేబు కాగితాలు తెప్పించుకోవాలంటే ఎవరికి రాయాలని అడిగాడు. వెర్నా చిరునామా రాసిచ్చి, వచ్చాక ఎలా దోపాలో నేర్పుతానని, కానీ వేలంపాట పాడుతూ దోపకూడదని చెప్పింది. ఆ సాయంత్రమే బోర్డు నుంచి డెనీస్ ఇంటికి రెండో ఉత్తరం వచ్చింది. మొదటిది రద్దయిందని అందులో ఉంది. కింద ఆర్విల్ సొంత చేతిరాతతో, పిల్లకి తన నమస్కారాలని రాసి ఉంది.

సోమవారం టెస్ స్కూలుకి వెళ్లి కూర్చుంది. మిస్ పోల్క్ ఆ రోజునుంచి ప్రతిజ్ఞలోని మాటలకి రోజుకొకటి చొప్పున అర్థం చెప్పడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్క మాటలు. మిగతా పిల్లలు కూడా అడ్డుప్రశ్నలు వేసేసరికి పొద్దున్న లెక్కల క్లాసు సగానికి పడిపోయింది, దాంతో టెస్‌కి క్లాసులో మంచి పేరొచ్చింది. జూను మొదట్లో ముప్పై ఒకటో మాట పూర్తయింది. టెస్ కాసేపు ఆలోచించి, లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని మొత్తం చెప్పింది. ఇంటికొచ్చి, ఇవాళ్టికి చెప్పానని, రేపటి సంగతి రేపు చూసుకుంటానని ప్రకటించింది.

రెండో ఉత్తరం వచ్చిన వారానికి డెనీస్ మళ్లీ నేలమాళిగ మెట్లు దిగింది. కృతజ్ఞత చెప్పుకోవడానికని ఒక పెట్టెలో చాక్లెట్ కేకు తెచ్చింది. కేకు బల్ల మీద పెట్టాక కూడా వెళ్లకుండా నిలబడింది.

“మళ్లీ ఏమైంది?” అంది వెర్నా.

డెనీస్ సిగ్గుపడుతూనే చెప్పింది. మూడేళ్లలో ఒకసారి మార్చినవాళ్లు మళ్లీ మార్చరని ఏముంది? టెస్ పెద్దదయ్యేలోపు మారిస్తే? టెస్ పిల్లలకి మారిస్తే?

“మార్చొచ్చు,” అంది వెర్నా తాపీగా, కేకు కోస్తూ. “అందుకే ఆ జేబు మూతి కుట్టెయ్యలేదు. లియోటా తిరిగొచ్చింది ఆ జేబులోంచే. చెడ్డది వచ్చినా అందులోంచే వస్తుంది. ఏటా తీసి చూసుకోవడమే మన పని, ఇంకో దారి లేదు.”

డెనీస్‌కి అది ఊరటో కాదో తేల్చుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. ఈలోగా అత్తగారు ఫోను చేసి, మసక వెలుతురులో చదివితే పిల్ల కళ్లు పోతాయంది. ఒకావిడ, పాలల్లో ఏదో కలుస్తోందని పత్రికలో చదివానంది. డెనీస్ గుండె ఎప్పటిలాగే దడదడలాడింది. కానీ ఇప్పుడామె దడ మొదలవగానే ఒక పని చేస్తుంది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడిగి, ఆ తేదీ ఫారం వెనక రాసుకుంటుంది. అత్తగారికి ఆ మాట చెప్పింది ఆవిడ మేనత్త, 1938లో. పాల సంగతి పక్క రాష్ట్రంలో, పదేళ్ల కిందట. ఐదో గదిలో పొగ పరికరం మాత్రం పెట్టించేసింది. ఆ భయానికి తేదీ ఇవాళ్టిదే.

ఆ రోజు కేకు ముక్క చేతిలో పెడుతూ వెర్నా చెప్పిందే ఆమె పాటిస్తోంది. “ఇది న్యాయసలహా కాదు, కాబట్టి చెప్పొచ్చు. ఎవరన్నా ఏదన్నా చెప్పి నిన్ను భయపెడితే, ముందు అది ఏనాటి మాటో అడుగు. ఆ తర్వాత ఇంకేమన్నా మారిందేమో చూడు. అప్పటికీ భయమేస్తే భయపడుదువుగాని తల్లీ, తొందరేముంది.”